పది తర్వాత పాలిటెక్నిక్: నేను నడిచిన దారి

పదో తరగతి ఫలితాలు వెలువడింది మొదలు జూన్ నెల గడిచేదాకా మా ఇంటికి ఎవరో ఒకరు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తూనే ఉంటారు. విజయనగరం జిల్లాలో మాది చిన్న ఊరు. ఆ ఊళ్లో ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలో చేరిన మొదటి ఆడపిల్లను నేనే కావడం వల్ల, ఇంటర్‌లో చేర్చాలా, పాలిటెక్నిక్‌కు పంపాలా, ఐటీఐ సరిపోతుందా అన్న ప్రశ్నలన్నీ నా దగ్గరికి వస్తాయి. పెద్దవాళ్లు మాట్లాడుతున్నంతసేపూ పిల్లలు నేల చూపులు చూస్తూ కూర్చుంటారు. పదిహేనేళ్ల వయసులో తీసుకునే ఈ ఒక్క నిర్ణయం మీదే జీవితమంతా ఆధారపడి ఉందని ఇంట్లోవాళ్లు, చుట్టాలు, కాలేజీల ప్రకటనలు కలిసి వాళ్లకు నూరిపోసి ఉంటాయి. ఆ వయసులో నాకూ అలాగే చెప్పారు. అది నిజం కాదని నేను చదివిన చదువు, చేసిన పని నాకు చూపించాయి. పది తర్వాత విడిపోయిన దారులు ముందుకు వెళ్లాక మళ్లీ మళ్లీ కలుస్తాయి. అయితే అవి ఎక్కడ కలుస్తాయో, అక్కడికి చేరడానికి ఏ పరీక్ష రాయాలో, ఏ కాగితం ఏ తేదీలోగా చూపించాలో తెలిసినవారికే ఆ కలయిక అక్కరకు వస్తుంది. ఈ ఏడాది పది పూర్తిచేసిన పిల్లల కోసం నేను వెళ్లిన దారిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా నాన్న తాపీ మేస్త్రి. అమ్మ కూడా ఆయనతోపాటు పనికి వెళ్లి ఇటుకలు, సిమెంటు మాలు అందించేది. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఇది రాష్ట్రం విడిపోకముందు మాట. లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవి, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫలితాలు ఇంకా రాకముందే పట్నంలోని ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు మా వీధిలోకి వచ్చారు. మార్కులను బట్టి ఫీజు తగ్గిస్తామని, హాస్టల్ ఉందని, ఎంపీసీలో చేర్పిస్తే ఇంజనీరు అయి తీరుతుందని అమ్మకు చెప్పారు. ముందుగా కొంత సొమ్ము కడితే సీటు ఉంచుతామన్నారు. ఆ తగ్గింపు మొదటి ఏడాదికి మాత్రమేనని, రెండో ఏడాది ఫీజు వేరుగా ఉంటుందని మా లెక్కల మాస్టారు అడిగి తెలుసుకునేదాకా ఎవరూ చెప్పలేదు. ఎవరు మీ ఇంటికి వచ్చి సీటు ఇస్తామన్నా, రెండు సంవత్సరాలకూ కలిపి ఎంత అవుతుందో, మధ్యలో మానేస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారో లేదో అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆ రెండు మాటలు తేలేదాకా ఒక్క రూపాయి కూడా కట్టవద్దని నేను మా ఊరివాళ్లకు గట్టిగా చెబుతాను.

పది తర్వాత మూడేళ్ల ఇంజనీరింగ్ డిప్లొమా చెప్పే పాలిటెక్నిక్ పేరు మా ఇంట్లో మొదట పలికింది ఆ మాస్టారే. అప్పట్లో ప్రవేశ పరీక్షను సీప్ అనేవారు, ఇప్పుడు పాలిసెట్ అంటున్నారు. పదో తరగతి లెక్కలు, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం మీద 120 ప్రశ్నలు ఉంటాయి, రెండు గంటల సమయం ఇస్తారు, తప్పు జవాబుకు మార్కులు తీసెయ్యరు. బడిలో పది పరీక్షలకు చదివిన చదువే దీనికీ పనికొస్తుంది కాబట్టి విడిగా కోచింగుకు వెళ్లే స్తోమత లేని పిల్లలు వెనక్కి తగ్గనక్కర్లేదు. మాస్టారు మమ్మల్ని వేసవి సెలవుల్లో ఉదయం పూట బడి వరండాలో కూర్చోబెట్టి, గడియారం పెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయించారు. తెలిసిన ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, తెలియని ప్రశ్న దగ్గర కుంగిపోకుండా ముందుకు సాగడం ఆ వరండాలోనే అలవాటైంది.

ర్యాంకు వచ్చాక ఇంట్లో అసలు చర్చ మొదలైంది. డిప్లొమా అంటే సగం చదువని, ఆడపిల్లకు సివిల్ ఎందుకని మా మేనమామ అన్నారు. నాన్న ఏమీ మాట్లాడకుండా మర్నాడు పని మానుకుని నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి పాలిటెక్నిక్ చూడటానికి తీసుకెళ్లారు. అక్కడ డ్రాయింగ్ హాలు, వర్క్‌షాపు, సర్వే పరికరాలు దాచే గది చూశాం. సిమెంటు పరీక్షించే ప్రయోగశాలలో నాన్న చాలాసేపు నిలబడి, తాను చేత్తో పిండి చూసి చెప్పే సంగతిని వీళ్లు యంత్రంతో అంకెల్లో చెబుతున్నారని నాతో అన్నారు. ఇంటికి వచ్చి, మా అమ్మాయి అక్కడే చదువుతుందని మేనమామతో చెప్పారు. ఏ కోర్సయినా చేరేముందు ఆ భవనం లోపలికి ఒకసారి వెళ్లి చూడమని నేను అందరికీ చెప్పడానికి కారణం ఇదే. చేరబోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వచ్చి అడిగితే ప్రభుత్వ కాలేజీల్లో సాధారణంగా ఎవరూ కాదనరు. అక్కడ చదువుతున్న పిల్లల్ని నాలుగు మాటలు అడిగితే ల్యాబులు నిజంగా నడుస్తున్నాయో లేదో, బస్సు ఎన్నింటికి ఉందో, హాస్టల్లో అన్నం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

ఇక సర్టిఫికెట్ల పరిశీలన. ఈ ఘట్టంలో నలిగిపోయినంతగా పిల్లలు పరీక్ష దగ్గర కూడా నలగరు. కౌన్సెలింగ్ కోసం సర్టిఫికెట్లు సరిచూసే హెల్ప్‌లైన్ కేంద్రానికి పదో తరగతి మార్కుల మెమో, టీసీ, నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా వరసగా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, ఫీజు రీయింబర్స్‌మెంటు కావాలంటే ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకెళ్లాలి. నేను నాలుగు, ఐదు తరగతులు మా ఊరి ప్రాథమిక పాఠశాలలో చదివాను. స్టడీ సర్టిఫికెట్ కోసం వెళ్తే వేసవి సెలవులని బడికి తాళం వేసి ఉంది. హెడ్మాస్టారు పక్క మండలంలో ఉంటారని తెలిసి, నాన్న ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, ఆయన్ను బతిమాలి బడికి తీసుకొచ్చి, అడ్మిషన్ రిజిస్టరు తీయించి సంతకం చేయించారు. అది అయిందనుకుంటే, కుల పత్రంలో మా ఇంటిపేరు పూర్తిగా ఉంది, మెమోలో పొడి అక్షరం మాత్రమే ఉంది. పరిశీలించే అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు సరిపోతున్నాయని నిర్ధారించుకుని ఒప్పుకున్నారు కాబట్టి సరిపోయింది. మా వరసలోనే నిలబడిన మరో అబ్బాయికి తండ్రి పేరే తేడాగా ఉండటంతో ఆ రోజు వెనక్కి పంపేశారు.

అందుకే తొమ్మిది పూర్తయి పదిలోకి వచ్చే పిల్లలకు కూడా ఒక మాట చెబుతాను. పది పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో బడిలో నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, తయారుచేస్తారు. మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ అందులో ఎలా రాస్తే మెమోలో దాదాపు అలాగే వస్తాయి. ఆధార్ కార్డులో, కుల పత్రంలో ఉన్న అక్షరాలతో వాటిని అప్పుడే పోల్చి చూసుకోండి. బడిలో ఒక్క గీతతో సరిదిద్దగలిగిన తప్పును మెమో అచ్చయ్యాక దిద్దించాలంటే నెలలు పడుతుంది. పది పూర్తిచేసినవారు స్టడీ సర్టిఫికెట్లు బడి తెరిచి ఉన్నప్పుడే తెచ్చుకోండి, ఆదాయ పత్రానికి ముందుగానే దరఖాస్తు పెట్టుకోండి. కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక జిల్లాలోని పిల్లలందరూ ఒకేసారి అదే కార్యాలయం ముందు నిలబడతారు.

కోరుకునే కాలేజీలను, బ్రాంచీలను కంప్యూటరులో వరసగా ఎక్కించే వెబ్ ఆప్షన్ల గురించి పిల్లల్లోనే కాదు, చదువుకున్న పెద్దల్లో కూడా ఒక అపోహ ఉంది. మంచి కాలేజీని మొదట పెడితే అది రాదని, దాంతో కిందివి కూడా పోతాయని భయపడి, తేలిగ్గా వచ్చేదాన్ని పైన పెడతారు. సీట్ల కేటాయింపు అలా జరగదు. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటరు మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. మొదటి ఆప్షనులో మీ కేటగిరీకి సీటు లేకపోతే రెండోదానికి, అదీ లేకపోతే మూడోదానికి వస్తుంది. సీటు దొరికిన చోట ఆగిపోతుంది. పైన రాసినది రాకపోయినంత మాత్రాన కింద రాసినదాని అవకాశం ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గదు. తేలికైనదాన్ని పైన పెడితే మాత్రం అదే వస్తుంది, దాని కింద మీరు కోరుకున్న కాలేజీలో సీటు ఖాళీగా ఉన్నా కంప్యూటరు అటు చూడదు. కాబట్టి మనసులో ఏది ముందో అదే జాబితాలోనూ ముందుండాలి. రెండో విడతలో పాల్గొని మరో సీటు తెచ్చుకుంటే మొదటి సీటు దానంతటదే రద్దవుతుంది కనుక, వచ్చిన సీటు కంటే నిజంగా మెరుగైనవే అప్పుడు రాయాలి.

మేము కాలేజీలను, బ్రాంచీలను ముందు తెల్ల కాగితం మీద రాసుకున్నాం. రోజూ బస్సులో వెళ్లి రాగలిగే ప్రభుత్వ పాలిటెక్నిక్ పైన, హాస్టల్ వసతి ఉన్నవి దాని కింద, ప్రైవేటువి ఆఖరున. బ్రాంచీల్లో సివిల్, ఎలక్ట్రికల్ తర్వాత తక్కినవి. ఆ కాగితాన్ని మాస్టారికి చూపించి, నెట్ సెంటరులో అదే వరసలో ఎక్కించి, ప్రింటు తీసుకుని, కోడ్‌లు ఒక్కొక్కటీ వేలుపెట్టి సరిచూశాం. పాస్‌వర్డ్ నెట్ సెంటరు అతనికి చెప్పి మీరే పెట్టండని వెళ్లిపోయే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి అలా చేయకండి. మీ పిల్లల పక్కన కూర్చోండి. చదువు రాకపోయినా కూర్చోండి. ఇంకో సంగతి, అందరికీ తెలిసిన నాలుగైదు బ్రాంచీలే కాకుండా వేరేవి కూడా ఉన్నాయని తెలుసుకోండి. గూడూరులో సిరామిక్ టెక్నాలజీకి, విశాఖపట్నంలో కెమికల్ ఇంజనీరింగ్‌కు, సికింద్రాబాద్‌లో ప్రింటింగ్ టెక్నాలజీకి, ఎలక్ట్రానిక్స్‌కు ప్రత్యేకంగా ప్రభుత్వ సంస్థలున్నాయి. వ్యవసాయం మీద ఆసక్తి ఉంటే వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది.

నాకు కోరుకున్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోనే సివిల్ సీటు వచ్చింది. మొదటి సంవత్సరం కష్టంగా గడిచింది, ఆ సంగతి దాచడం నాకిష్టం లేదు. పాఠాలన్నీ ఇంగ్లీషులో, లెక్కల్లో మాత్రికలు, డిఫరెన్షియేషన్ లాంటివన్నీ ఒక్క ఏడాదిలో వచ్చిపడ్డాయి. ఇంటర్ పిల్లలు రెండేళ్లలో చదివే లెక్కల్లో పెద్ద భాగాన్ని మేము ఏడాదిలో దాటాల్సి వచ్చింది. తరగతిలో అడగడానికి నోరు పెగలక ఇంటికి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. అప్పుడు మా సీనియర్ అక్క ఒకామె చెప్పిన పద్ధతి నన్ను నిలబెట్టింది: లెక్చరర్ బోర్డు మీద రాసినది రాసుకోవడంతో సరిపెట్టక, ఆ రాత్రే పుస్తకం మూసి అదే లెక్కను మళ్లీ చేసి చూడాలి, ఎక్కడ ఆగిపోయామో అక్కడ పెన్సిలుతో గుర్తుపెట్టుకుని మర్నాడు ఆ ఒక్క మెట్టు గురించి అడగాలి. మొత్తం అర్థం కాలేదని అడిగితే ఏ మాస్టారైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇబ్బంది పడతారు, ఈ గీత నుంచి ఈ గీతకు ఎలా వచ్చారని అడిగితే విసుక్కోకుండా చెబుతారు. తెలుగు మాధ్యమం నుంచి వెళ్లే పిల్లలు మొదటి యూనిట్ టెస్టు మార్కులు చూసి కోర్సు మానేయాలన్న నిర్ణయానికి రావద్దు. ఇంగ్లీషు పాఠం చెవికి అలవాటు కావడానికి దసరా దాకా పట్టింది, సంక్రాంతి వచ్చేసరికి నేను ప్రశ్నలు అడుగుతున్నాను.

కష్టం ఒకవైపు ఉంటే, ఆనందం వర్క్‌షాపులో, మైదానంలో ఉంది. ఫిట్టింగ్ షాపులో ఇనుప పలకను బెంచి వైస్‌లో బిగించి, ఆకురాయితో అంచును నున్నగా రుద్ది, మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. అంచుకూ మూలమట్టానికీ మధ్య సన్నని వెలుగు గీత కనిపిస్తే ఇంకా పని మిగిలి ఉన్నట్టే. మా ఇన్‌స్ట్రక్టరు ఏమీ అనకుండా ఆ గీతను చూపించి పలకను తిరిగి చేతిలో పెట్టేవారు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆఖరికి వెలుగు కనబడని రోజు వచ్చినప్పుడు కలిగిన తృప్తి, ఏ పరీక్షలోనూ మార్కులు చూసుకున్నప్పుడు నాకు కలగలేదు.

సర్వే క్యాంపు నన్ను ఈ చదువులో పూర్తిగా నిలబెట్టింది. డంపీ లెవెల్ అనే మట్టం చూసే పరికరాన్ని మూడు కాళ్ల స్టాండు మీద బిగించి, అడుగు మరలు తిప్పుతూ బుడగను మధ్యకు తెచ్చాక, బెంచి మార్కు, అంటే ఎత్తు ముందే తెలిసిన బిందువు, మీద నిలబెట్టిన స్టాఫ్ అనే కొలతకర్ర రీడింగు తీస్తారు. ఆ బిందువు ఎత్తుకు ఈ రీడింగు కలిపితే పరికరం ఎత్తు వస్తుంది. ఆ తర్వాత ఏ చోట స్టాఫ్ నిలబెట్టినా, అక్కడి రీడింగును పరికరం ఎత్తులోంచి తీసేస్తే ఆ చోటి మట్టం తెలుస్తుంది. రోజు చివర లెక్క సరిచూసుకునే పద్ధతి ఒకటుంది: బ్యాక్ సైట్ల (పరికరం పెట్టిన ప్రతిచోటా తీసే మొదటి రీడింగుల) మొత్తంలోంచి ఫోర్ సైట్ల (అక్కడి ఆఖరి రీడింగుల) మొత్తాన్ని తీసేస్తే వచ్చే అంకె, చివరి మట్టానికీ మొదటి మట్టానికీ మధ్య తేడాతో సరిపోవాలి. ఆ లెక్క మా గుంపుకు సరిపోయిన సాయంత్రం ఇంటికి వెళ్లి నాన్నకు మొత్తం వివరించాను. ఆయన సన్నని పైపులో నీళ్లు నింపి, రెండు చివరలూ రెండు గోడల దగ్గర పట్టించి మట్టం చూసే మనిషి. కిలోమీటరు దూరంలో ఉన్న రెండు చోట్ల మట్టాన్ని కూడా ఇలా పోల్చవచ్చా అని అడిగారు. అవునని, కాలవలు అలాగే తవ్వుతారని చెప్పాను. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. చదువుకున్న పిల్లలకు చదువుకోని తల్లిదండ్రులతో మాటలు తగ్గిపోతాయని అంటారు. మీ చదువులో వాళ్ల పనికి దగ్గరగా ఉన్నది ఏదైనా కనిపిస్తే వాళ్లకు తప్పకుండా చెప్పండి.

డిప్లొమాలో ఒక సెమిస్టరు మొత్తం పని స్థలంలో శిక్షణ ఉంటుంది. నన్ను ఒక వంతెన నిర్మాణానికి పంపారు. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, సూపర్‌వైజరు మొదట నాకు రిజిస్టరు రాసే పని తప్ప ఏమీ ఇవ్వలేదు. రోజూ కాంక్రీటు పోసే సమయానికి స్లంప్ పరీక్ష దగ్గరికి వెళ్లి నిలబడటం మొదలుపెట్టాను. ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న గరాటు లాంటి అచ్చులో కాంక్రీటును పొరలు పొరలుగా నింపి, ఒక్కో పొరను ఇనుప కడ్డీతో ఇరవై ఐదు సార్లు పొడిచి, అచ్చును నిదానంగా పైకి లాగితే కాంక్రీటు ఎంత కుంగిందో దాన్ని బట్టి నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో తెలుస్తుంది. కొన్నాళ్లకు ఆ పరీక్ష, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు కాంక్రీటు క్యూబులను నలగ్గొట్టి బలం చూసే లెక్క నాకే అప్పగించారు. ఇష్టం లేని చోట ఉన్నా నేర్చుకోదగిన పని ఏదో చూసుకుని దాని పక్కనే ఉండటం మంచిది. అయితే రక్షణ లేని చోట, అవమానించే చోట ఓర్చుకోమని ఏ ఆడపిల్లకూ నేను చెప్పను. శిక్షణకు పంపిన కాలేజీకి రాతపూర్వకంగా తెలియజేసి స్థలం మార్పించుకోవచ్చు, మార్పించుకోవాలి.

డిప్లొమా అయ్యాక ఇంట్లో డబ్బు అవసరం ఉండి కొన్నాళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను. పని చేస్తూనే ఈసెట్‌కు చదివాను. డిప్లొమా పూర్తిచేసినవారికి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా ప్రవేశం ఇచ్చే పరీక్ష ఇది. మొత్తం 200 ప్రశ్నల్లో లెక్కలకు 50, భౌతిక శాస్త్రానికి 25, రసాయన శాస్త్రానికి 25 పోగా, మిగిలిన 100 మన బ్రాంచి సబ్జెక్టు మీదే వస్తాయి. మూడేళ్లు శ్రద్ధగా చదివినవారికి ఆ సగం అప్పటికే చేతిలో ఉన్నట్టు. డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉన్నవారు కూడా రాయవచ్చు కాబట్టి నాలాగా విరామం తీసుకోనక్కర్లేదు. నాకు సీటు వచ్చింది. బీటెక్‌లో ఇంటర్ మీదుగా వచ్చినవారితో కలిసి కూర్చున్నప్పుడు వాళ్లు లెక్కల్లో నాకంటే చాలా ముందున్నారు, సర్వేలో, డ్రాయింగులో నేను ముందున్నాను. ఒకరికొకరం చెప్పుకున్నాం. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి వాళ్లకు ఆరేళ్లు. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు కలిపి నాకూ చదువు ఆరేళ్లే. డిప్లొమా అంటే సగం చదువన్న మేనమామే మా ఇంటికి వచ్చి, తన కొడుకును ఏ బ్రాంచిలో చేర్చమంటావమ్మా అని అడిగారు.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సేవలను ఊళ్లోనే అందించే గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఇంజనీరింగ్ అసిస్టెంటు పోస్టుకు సివిల్‌లోనో మెకానికల్‌లోనో డిప్లొమా చాలు. నేను బీటెక్‌తో రాశాను, నాతో పాలిటెక్నిక్‌లో చదివి డిప్లొమాతోనే ఆగినవారు కూడా రాశారు, ఒకే ఉద్యోగంలో చేరాం. నేను పనిచేసే సచివాలయంలో నా పక్క గదిలో కూర్చునే ఎనర్జీ అసిస్టెంటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివినతను. వ్యవసాయ సహాయకురాలు వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసింది. ఏఎన్ఎం ఒకేషనల్ ఇంటర్‌లో ఆరోగ్య కార్యకర్త కోర్సు చదివి వచ్చింది. డిజిటల్ అసిస్టెంటు ఇంటర్ ఎంపీసీ, తర్వాత డిగ్రీలో కంప్యూటర్లు. పది తర్వాత ఐదుగురం ఐదు వైపులకు వెళ్లి ఒకే కప్పు కింద పనిచేస్తున్నాం. మాలో ఎవరి చదువు గొప్పదన్న మాట ఎప్పుడూ రాలేదు. వానాకాలంలో కరెంటు స్తంభం ఒరిగితే ఊరంతా ఎదురుచూసేది ఐటీఐ చదివిన అతని కోసమే. బీటెక్ చదివిన మూడేళ్లు వృథా అయ్యాయా అని కొందరు నన్ను అడుగుతారు. డిప్లొమాతో రాయడానికి వీల్లేని పరీక్షలు ముందున్నాయి, వాటికి చదువుతున్నాను, కాబట్టి వృథా కాలేదు. అలాగని డిప్లొమాతో ఆగిన మా స్నేహితులు తక్కువేమీ కాదు. వాళ్లలో ఒకతను ముందే సంపాదన మొదలుపెట్టి చెల్లెలి నర్సింగ్ చదువు పూర్తిచేయించాడు.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది చివరికి నెమ్మదిగా అడిగేది, తమకు ఏది ఇష్టమో తమకే తెలియదని. పదిహేనేళ్లకు అది తెలియకపోవడం సహజమని ముందు వాళ్లకు చెబుతాను. ఇష్టాన్ని వెతకడం మాని, ఏ పని చేస్తున్నప్పుడు విసుగు తక్కువగా అనిపిస్తుందో చూసుకోమంటాను. లెక్క తప్పితే చిరాకుతో పక్కన పెడతావా, మళ్లీ మొదటినుంచి చేయాలనిపిస్తుందా? ఇంట్లో మిక్సీ ఆగిపోతే విప్పి చూడాలనిపిస్తుందా? ఎవరికైనా జ్వరం వస్తే పక్కన కూర్చుని చూసుకోగలవా, దూరంగా వెళ్లిపోతావా? ఈ ప్రశ్నలకు పిల్లలు తడుముకోకుండా జవాబు చెబుతారు. అమ్మానాన్నలు ఆ జవాబును మధ్యలో అందుకోకుండా వినగలిగితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. మా ఊళ్లో నాతోపాటు పది పాసైన అమ్మాయిల్లో బాగా చదివేవాళ్లకు కూడా పద్దెనిమిది నిండగానే పెళ్లిళ్లు చేశారు, దూరం పంపలేమన్నదే కారణం. అబ్బాయిలతో కలిసి చదివే కాలేజీల్లో కూడా మూడో వంతు సీట్లు అమ్మాయిలకు కేటాయిస్తారు. అమ్మాయిల కోసమే నడిచే పాలిటెక్నిక్‌లున్నాయి. కాలేజీలో చదివే అమ్మాయిల కోసం సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ హాస్టళ్లున్నాయి. నన్ను రోజూ చీకటితో లేపి, అన్నం గిన్నె కట్టి, బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నాతో నిలబడింది మా అమ్మ. ఆమె అక్షరం చదవలేదు. ఆ మూడేళ్లూ ఆమె మానకుండా చేసిన ఆ పని లేకపోతే ఇందులో ఏదీ జరిగేది కాదు.

పది తప్పిన పిల్లలు ఇది చదువుతుంటే, మీ గురించే ఎక్కువసేపు ఆలోచించాను. మా తరగతిలో ఒకమ్మాయి లెక్కల్లో తప్పింది. కొద్ది వారాల్లోనే జరిగే సప్లిమెంటరీ పరీక్ష రాసి, పాసై, అదే సంవత్సరం ఇంటర్‌లో చేరింది. మార్కులు అనుకున్నదానికంటే మరీ తక్కువ వచ్చాయనిపిస్తే రీకౌంటింగుకు, జవాబుపత్రం తిరిగి పరిశీలించడానికి గడువులోగా దరఖాస్తు చేసుకోవచ్చు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫెయిలైన వారందరి జవాబుపత్రాలనూ ఉచితంగా మళ్లీ సరిచూస్తే, కొందరు పాసైనట్టు తేలింది. కాగితం మీది అంకె తప్పయ్యే అవకాశం ఉంది, తప్పు కాకపోయినా దాన్ని మార్చుకునే పరీక్ష వెంటనే ఉంది. మనసు భరించలేనంత బరువైతే, మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఉచితంగా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులారా, ఫలితాలు వచ్చిన రోజు పిల్లలను ఒంటరిగా వదలకండి. ఆ రోజు చుట్టాల ఫోన్లు మీరే తీసి, మీరే జవాబు చెప్పండి.

కౌన్సెలింగ్‌లో సీటు రానివారు ఆగస్టు వచ్చేసిందని ఇంట్లో కూర్చోకండి. ఐటీఐల్లో ప్రవేశాలు విడతలవారీగా సాగుతాయి. పాలిటెక్నిక్‌లలో మిగిలిన సీట్లను స్పాట్ అడ్మిషన్లలో నింపిన సందర్భాలున్నాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలు చేరే గడువును పొడిగించడం కూడా మామూలే. పని చేస్తూ చదవాల్సిన పరిస్థితి ఉంటే ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పూర్తిచేయవచ్చు. ఈ సమాచారం మీ ఇంటికి ఎవరూ తెచ్చి చెప్పరు. సర్టిఫికెట్లన్నీ ఒక ఫైలులో పెట్టుకుని, ఒక్కోదానికి నాలుగేసి జిరాక్సులు తీయించుకుని, దగ్గరలో ఉన్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో ఉదయం పదింటికల్లా మీరే వెళ్లి ఆఫీసులో అడగండి.